తొమ్మిదో జాగ్రత్త

వంటింటి బల్ల దగ్గర,
జూన్ 3

కామాలు దిద్దే కామా మరదలికి,

ఇక్కడ అందరం కులాసా, కంప్యూటరొక్కటే కాదు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు నువ్వు అందులో పెట్టి వెళ్ళిన ఆ పుస్తకాలు రాసే ఎడిటర్ ప్రోగ్రాం నా ప్రాణం తోడేస్తోంది. పదహారేళ్ళు పానా పట్టి లిఫ్టులు బాగుచేశాను, ఆరేళ్ళుగా ట్రైనింగ్ సెంటర్లో ఆ పని నేర్పుతున్నాను. ఏ యంత్రమూ నన్నింతగా ఏడిపించలేదు. లిఫ్టు మొండికేస్తే మూత తీసి లోపల చూస్తాను. దీనికి మూత ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

సంగతేమిటంటే, ట్రైనీల కోసం నేను రాస్తున్న లిఫ్టుల పుస్తకంలో "ఫలానా బొమ్మ చూడండి" అని రాయాల్సిన చోట నంబరు చేత్తో వేయొద్దన్నావు. ప్రతి బొమ్మకీ ఒక లేబుల్ పెట్టు, కావలసినప్పుడు జాబితా తెరిచి అందులోంచి ఎంచుకో, మధ్యలో ఎన్ని బొమ్మలు చేర్చినా నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి అన్నావు. విని మురిసిపోయాను. కానీ లేబుల్ పేరు నన్నడక్కుండా అదే పెట్టేసుకుంటోంది, బొమ్మ కింది వాక్యంలో మొదటి మాట తీసుకుని. నా వాక్యాలన్నీ "లిఫ్టు" అనే మొదలవుతాయి. లిఫ్టుల పుస్తకం మరి దేనితో మొదలవుతుంది? ఇప్పుడు జాబితా తెరిస్తే లిఫ్టు-1 నుంచి లిఫ్టు-64 దాకా ఉన్నాయి. హాజరు పట్టీలో అందరికీ ఒకే పేరున్నట్టుంది. నిన్న బ్రేకు గురించి రాస్తూ "ఈ బొమ్మ శ్రద్ధగా చూడండి" అని ఒకటి ఎంచుకున్నాను. అచ్చు తీసి చూస్తే గ్రీజు డబ్బా.

పుస్తకానికి బొమ్మలు గీస్తున్నది మీ అన్నయ్యే కదా, ఆయన చూసి, "గ్రీజు డబ్బా కూడా కష్టపడే గీశాను, శ్రద్ధగా చూస్తే తప్పేంటి?" అన్నారు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేమిటని అడగకు. మాది రెండు గదుల ఇల్లు. ఏం మాట్లాడినా ఆయన చెవిన పడుతుంది, పడ్డాక సలహా వస్తుంది.

పానా వదిన

*

పేజీలు కూర్చే హాలు, కిటికీ పక్క సీటు,
జూన్ 7

పానా వదినకి,

భోజనాల వేళ నీ ఉత్తరం చదివి నవ్వాను. పొలమారిందనుకుని పక్క సీటు ప్రూఫ్ రీడరు నీళ్ళిచ్చింది.

మూత ఎక్కడుందో చెప్తున్నా. దీనితో పాటు పంపుతున్న ఏడు వరుసలూ సెట్టింగుల ఫైలు చివర అతికించు. ఇక మీదట అది సొంత తెలివి చూపించదు. బొమ్మ పెట్టగానే "పేరేమిటి?" అని నిన్నే అడుగుతుంది. జాబితాలో ప్రతి పేరు కిందా అసలు వాక్యం ఒక వరుస కనిపిస్తుంది. ఎఫ్ నొక్కితే బొమ్మలే వస్తాయి, టి నొక్కితే పట్టికలే వస్తాయి.

పేర్లు మాత్రం నీ ఇష్టం. లేబుళ్ళు అచ్చులో ఎవరికీ కనపడవు, అక్కడ నంబరొక్కటే పడుతుంది. కాబట్టి నోటికొచ్చినట్టు రాసుకో. మొగుణ్ణి తిట్టుకున్నా అడిగే దిక్కులేదు.

మా మతిమరుపు మహారాజు అన్నయ్య ఎలా ఉన్నాడు? కుర్చీలో కూర్చునే ముందు స్టాప్ స్విచ్ నొక్కాడో లేదో నేను అడిగానని చెప్పు. ఆరేళ్ళ కిందట లిఫ్టు గోతిలోకి, లిఫ్టుని కదలనివ్వని ఆ స్విచ్ నొక్కకుండా దిగి కాలు నుజ్జు చేసుకున్న మనిషి. ఇప్పుడు ప్రపంచానికి లిఫ్టుల బొమ్మలు గీసి పెడుతున్నాడంటే నాకు భయమే.

కామా

*

వంటింటి బల్ల దగ్గర,
జులై 1

కామా,

నీ ఏడు వరుసలూ పనిచేశాయి. నువ్వు బంగారం. (పొంగిపోకు, ఇంకా అడగాల్సినవి ఉన్నాయి.)

ఇప్పుడు నా జాబితా చూస్తే నీకు ముచ్చటేస్తుంది. కీచుమనే తలుపు బొమ్మ పేరు "తలుపు-ఏడుపు". ఎందుకు పడిపోతుందో ఎవరికీ తెలియని రిలే స్విచ్చు పేరు "దయ్యం". మా ప్రిన్సిపాల్ బలవంతాన పెట్టించిన పట్టిక పేరు "ఎవరికోసం". ఇరవై రెండేళ్ళుగా ఈ వృత్తిలో నోరు కట్టుకున్నదంతా లేబుళ్ళలో తీరుతోంది.

ఇంకో చిక్కుంది. నా పుస్తకంలో చుట్టూ గీత గీసి "జాగ్రత్త" అని పెట్టెలు పెడతాను కదా, పద్నాలుగు ఉన్నాయి. అవి బొమ్మల మధ్యే కలిసిపోతున్నాయి. బొమ్మలూ జాగ్రత్తలూ కలిపి జాబితా, కింది వాక్యాలతో సహా, నూట యాభై ఆరు వరుసలైంది. వెతకలేక, తొమ్మిదో జాగ్రత్త పేరు బట్టీ పట్టేసి జాబితా తెరవకుండానే కొట్టేస్తున్నాను. ఈ జాగ్రత్తలని విడిగా చూపించే ఉపాయం చెప్పు. వాటికో సొంత అక్షరం ఉండాలి.

ఆ స్టాప్ స్విచ్ జోకు ఇక చాలించవే. పాతబడిపోయింది.

పానా వదిన

*

పేజీలు కూర్చే హాలు,
జులై 12

వదినా,

జోకు పాతబడిందా? మంచి జోకు పాత పచ్చడి లాంటిది, ఊరేకొద్దీ రుచి. పైగా ఈ ఆరేళ్ళలో అన్నయ్య దానికి నవ్వని రోజు లేదు. నువ్వే ఎందుకో నవ్వవు.

జాగ్రత్తలకి జె అక్షరం ఇచ్చాను, కొత్త వరుసలు పంపుతున్నా. జె నొక్కితే పద్నాలుగూ వరుసగా వచ్చి నిలబడతాయి. రాకపోతే చెప్పు.

నువ్వు పంపిన అచ్చు ప్రతి చదువుతున్నాను. పుస్తకం పట్టుకుని పని చేస్తే ఎవరైనా నేర్చుకోగలిగేలా రాశావు, దిష్టి తగులుతుంది. కానీ ఒకటడగాలి. తొమ్మిదో జాగ్రత్త మీద నీకేమిటింత మోజు? "జాగ్రత్త 9 చూడండి" అని ఇరవై మూడు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. మోటారు దగ్గర సరే, తాళ్ళ దగ్గర సరే. బల్బు మార్చే పేజీలో కూడానా? "మెయిన్ స్విచ్‌కి మీ సొంత తాళం వేయాలి, తాళంచెవి జేబులో ఉండాలి, బోర్డు తగిలించాలి." ఇదంతా బల్బుకా? రేపు అట్ట మీద కూడా "జాగ్రత్త 9 చూడండి" అని వేయిస్తావేమో.

కామా

*

ట్రైనింగ్ సెంటర్, పనిముట్ల గది,
ఆగస్టు 2

కామా,

జె నొక్కితే ఖాళీగా వస్తోంది. ఏదో తేడా ఉంది, చూసి చెప్పు.

తొమ్మిదోది ముఖ్యమైంది కనక అన్నిచోట్లా పెట్టాను. ఇందులో మోజేముంది?

వదిన

*

పేజీలు కూర్చే హాలు,
ఆగస్టు 5

వదినా,

ఇదేం ఉత్తరం? టెలిగ్రాముకి డబ్బు కట్టినట్టు మాటలు లెక్కపెట్టి రాశావు. వానలకి జలుబు చేసిందా?

ఖాళీగా వస్తోందంటే జాగ్రత్తల పెట్టెకి నువ్వు పెట్టుకున్న పేరు ఒకటి, నేను సెట్టింగులో రాసింది ఇంకొకటి అయ్యుంటుంది. పుస్తకం అసలు ఫైలు పంపు. అచ్చు ప్రతి చూసి చెప్పమంటే, నాడి చూడకుండా మందివ్వమన్నట్టుంది. అక్టోబరు చివరికి ప్రెస్సుకి వెళ్ళాలన్నావు కదా. అప్పటికి ఎలాగూ దాన్ని శుభ్రం చేసేది నేనే.

కామా

*

వంటింటి బల్ల దగ్గర,
ఆగస్టు 21

కామా,

ఫైలు పంపుతున్నాను. అందులో "తలుపు-ఏడుపు" చూసి నవ్వుకో. ఉత్తరం చిన్నదని అలగకు, పరీక్ష పేపర్లు దిద్దాలి.

వదిన

*

పేజీలు కూర్చే హాలు,
ఆగస్టు 23

వదినా,

జె దోషం దొరికింది. పెట్టె పేరులో ఒక అక్షరం తేడా, సరిచేశాను. ఇప్పుడు పద్నాలుగూ వస్తున్నాయి.

ఎనిమిదో జాగ్రత్త: "గోతిలోకి దిగే ముందు స్టాప్ స్విచ్ నొక్కాలి. మాతో పనిచేసిన ఒక మెకానిక్ నొక్కకుండా దిగి కాలు నుజ్జు చేసుకున్నాడు." దాని లేబుల్ "ఆయన". ఇది నాకు తెలిసిందే.

తొమ్మిదోదానికి నువ్వు పెట్టిన లేబుల్ "నేను-వేయని-తాళం".

ఇదేమిటి వదినా?

*

ట్రైనింగ్ సెంటర్, పనిముట్ల గది,
ఆగస్టు 30

అమ్మాయీ,

ఫైలు పంపే ముందు ఆ పేరు మారుద్దామనుకున్నాను. వేలు బటన్ల మీదే ఉంది, చెయ్యి రాలేదు. నువ్వు చూడాలనే పంపానేమో, నాకే తెలియదు.

లిఫ్టు మెషిన్ గది మేడ పైన ఉంటుంది, గొయ్యి అడుగున ఉంటుంది. ఆ రోజు ఆయన కిందికి, నేను పైకి వెళ్ళాం. నేను మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, బోర్డు తగిలించాలి. స్విచ్ ఆపాను. చూస్తే తాళం లేదు. తాళమూ బోర్డూ ఎప్పుడూ ఒకే గొలుసుకి కట్టి ఉంచేవాళ్ళం, రెండూ లేవు. వ్యాన్లో మర్చిపోయాననుకుని మెట్లు దిగాను. నేను వచ్చేదాకా దిగొద్దని ఆయనకి ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. ఎంతసేపులే అనుకున్నాను.

ఆరు నిమిషాలు. ఈలోగా లిఫ్టు రావడం లేదని ఎవరో గోల చేస్తే ఆ భవనం ఎలక్ట్రీషియన్ పైకి వెళ్ళాడు. తాళం లేదు, బోర్డు లేదు. స్విచ్ పడిపోయిందనుకుని వేశాడు, లిఫ్టు గోతిలోకి దిగింది. అతని తప్పు ఇంతైనా లేదు. వేయొద్దని చెప్పేదేదీ అక్కడ లేదు మరి.

ఆస్పత్రిలో కంపెనీవాళ్ళు అడిగితే, "స్టాప్ స్విచ్ నొక్కకుండా దిగాను, తప్పు నాదే" అన్నారు మీ అన్నయ్య. అదీ నిజమే. గోతిలో ఆ స్విచ్ నొక్కి ఉంటే పైన ఎవరేం చేసినా లిఫ్టు కదలదు. నేను మంచం పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు. మర్నాడు విప్పుదామనుకున్నాను. మర్నాటికి అదింకా కష్టమైంది. తాళం ఏమైందని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. ఎందుకడగరని నేనూ అడగలేదు. ఆ తర్వాత నేను మళ్ళీ లిఫ్టు ముట్టుకోలేదు. ట్రైనింగ్ సెంటర్లో చేరి, వచ్చిన ప్రతి ట్రైనీకీ తాళం గురించే చెప్తున్నాను.

నువ్వు ఆయన్ని స్టాప్ స్విచ్ అని ఆటపట్టించినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని. ఇప్పుడు నీకు నా మీద అసహ్యం వేస్తే వేయనీ. నీకు చెప్పడమే తేలికనిపించింది, ఆయనకి చెప్పడం కన్నా.

వదిన

*

మా ఇల్లు, మేడ మెట్ల మీద,
సెప్టెంబరు 24

వదినా,

మూడు వారాలు నీకు రాయలేదు. మొదటి వారం నీ మీద కోపం. మామూలు కోపం కాదు, నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. రెండో వారం నా మీద. ఆరేళ్ళు ఆ కుంటికాలు మీద జోకులేసి, వాడు నవ్వుతున్నాడని మురిసిపోయాను. మూడో వారం నిన్ను చూడాలనిపించింది. అసహ్యం వేయలేదు. అది మాత్రం ముందు తెలుసుకో.

కానీ ఒక మాట చెప్పాలి, అక్షరాలు దిద్దేదాన్ని కనక చెప్తాను. ఈ పుస్తకం అచ్చయితే నీ ట్రైనీలు ఏళ్ళ తరబడి చదువుతారు. ఎనిమిదో జాగ్రత్తలో అన్నయ్య ఉన్నాడు. తొమ్మిదో దాంట్లో ఎవరూ లేరు. అలాగే అచ్చయితే, తప్పు ఒక్కడిదేనని మనం ముద్ర వేసినట్టే. నాకది ఇష్టం లేదు. నెల రోజుల టైముంది.

ఇంకొకటి. నేను నీకు అంతా చెప్పలేదు. నీ జాబితా నువ్వే సరిగ్గా చూసుకోలేదమ్మా, పేరు బట్టీ పట్టి కొట్టేస్తావు కదా. సరిచేసిన వరుసలు పంపుతున్నాను. అతికించు. జె నొక్కు. తొమ్మిది దగ్గర ఆగు. మిగతాది చెప్పాల్సింది నేను కాదు.

కామా

*

వంటింటి బల్ల దగ్గర,
అక్టోబరు 2

కామా, దొంగపిల్లా,

తెలిసీ నెల రోజులు దాచావు!

జె నొక్కాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, మళ్ళీ తొమ్మిది. ఒకే పెట్టెకి రెండు లేబుళ్ళు. మొదటిది నాది. రెండోది "నా-సంచీలో-ఉన్న-తాళం".

అది నేను రాయలేదు. మీ అన్నయ్య ఆ గదిలో పెన్సిలు చెక్కుకుంటున్నారు. పిలిచాను. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి తెర చూసి, "కనిపించిందా?" అన్నారు, పోయిన చెప్పు దొరికిందా అన్నట్టు.

"ఎప్పుడు పెట్టారిది?"

"వానలప్పుడు. బల్బు పేజీకి బొమ్మ పెడుతుంటే అక్కడ కూడా తొమ్మిది చూడమన్నావు. ఏమిటో ఈ తొమ్మిది అని వెతికి తీశాను. నీది కనపడింది, పక్కన నాదీ రాశాను. చూస్తావనుకున్నా. నూట యాభై వరుసల్లో పడి కొట్టుకుపోయింది."

"నోటితో చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?"

పక్క కుర్చీ ఆయన వైపు జరిపాను. అప్పుడు చెప్పారు. ఆ రోజు గోతి అంచున బోల్టు బిగించే పానా కోసం తన సంచీ విప్పితే, గొలుసుతో సహా తాళమూ బోర్డూ అందులోనే ఉన్నాయట. పొద్దున సామాను సర్దేటప్పుడు ఎవరు పెట్టామో ఇద్దరికీ గుర్తులేదు. "నీ దగ్గర తాళం లేదని నాకు అప్పుడే తెలుసు. పైకి తెచ్చివ్వాలి. ఒక్క బోల్టేలే, బిగించి వెళ్దామనుకుని దిగాను."

"ఆరేళ్ళూ నన్ను కాపాడుతున్నారనుకున్నానే నేను!" అన్నాను.

"నిన్నెక్కడ కాపాడాను? తాళం మాటెత్తితే అదెక్కడ దొరికిందని అడుగుతారు. స్టాప్ స్విచ్ ఒప్పుకుంటే మతిమరుపు అంటారు. తాళం చూసి కూడా దిగానంటే ఏమంటారు? నన్ను నేను కాపాడుకున్నాను. నువ్వు నా కాలు చూసి కుమిలిపోతున్నావనుకున్నాను గానీ, తాళానికని ఆ లేబుల్ చూసేదాకా నాకేం తెలుసు?"

నేను ఏడ్చాను, ఆయన నవ్వారు. కాసేపటికి తారుమారైంది. తర్వాత రంగు పెన్సిళ్ళ పెట్టె అడుగు నుంచి ఆ తాళం తీసి బల్ల మీద పెట్టారు, బోర్డుతో సహా. ఆ పెట్టె మీద దుమ్ము నేనే తుడుస్తాను, వారం వారం. కామా, నా గుండె మీద నుంచి ఎంత బరువు దిగిందో నేను చెప్పలేను. కోపం కూడా వచ్చింది. ఆయన మీద, నా మీద, ఇంత చిన్న ఇంట్లో ఇంత పెద్ద సంగతి ఇద్దరం విడివిడిగా దాచుకున్నందుకు.

ఎనిమిదో పెట్టెలో ఆ మెకానిక్ మాట తీసేశాను. తొమ్మిదోది కలిసి తిరగరాశాం. ఇలా ఉంది: "మెయిన్ స్విచ్‌కి తాళం వేయాలి, బోర్డు తగిలించాలి. తాళం దొరక్కపోతే దొరికేదాకా పని మొదలుపెట్టకూడదు. ఒకసారి పైనున్న మెకానిక్ తాళం వేయలేదు. కిందున్న మెకానిక్ సంచీలో ఆ తాళం ఉంది, చూసి కూడా దిగాడు. ఒకరు ఈ పుస్తకం రాశారు, ఒకరు బొమ్మలు గీశారు." ప్రిన్సిపాల్‌కి చూపించాను. చాలాసేపు చదివి, "ఉంచండి" అన్నారు. ఉద్యోగం ఊడలేదు, నీ మీద పడి తినే యోగం నాకు లేదు.

మీ అన్నయ్య ఒక షరతు పెట్టారు. "ఇరవై రెండు చోట్ల చాలు. బల్బు పేజీలో మాత్రం తీసేయ్, నామర్దా" అన్నారు. తీసేశాను. ఫైలు పంపుతున్నాను, శుభ్రం చెయ్యి.

పానా వదిన

*

పేజీలు కూర్చే హాలు, కిటికీ పక్క సీటు,
అక్టోబరు 29

పానా వదినకి,

పుస్తకం ఇవాళ పొద్దున ప్రెస్సుకి వెళ్ళింది. నూట పన్నెండు కామాలు దిద్దాను. తెరవకుండానే మూసిన బ్రాకెట్టు ఒకటి ఉంది, దాన్ని తెరిచాను. నీలాంటి రచయితలు పది మంది ఉంటే నా ఉద్యోగానికి ఢోకా లేదు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆరేళ్ళ జోకుకి క్షమించమని అడగబోతే, "ఏ జోకు?" అన్నాడు. మతిమరుపు మాత్రం నిజమే వదినా. అది మనం అంటగట్టింది కాదు. ఫోన్ పెట్టేశాక మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను, ఆ సంగతి వాడికి చెప్పకు.

ఇక ఒక నేరం ఒప్పుకోవాలి. ఫైలు బయటికి వెళ్ళే ముందు, ఎక్కడా వాడని లేబుళ్ళు తీసేయాలన్నది మా ఆఫీసు నియమం. నీ "దయ్యం" వాడుకలో ఉంది, ఉంచాను. "ఎవరికోసం" పట్టికని ఎవరూ చూడమనలేదు, ఆ లేబుల్ తీసేశాను. నీ తాళాన్ని నువ్వు ఇరవై రెండు చోట్ల వాడావు. అన్నయ్య తాళాన్ని ఎక్కడా వాడలేదు. నియమం ప్రకారం తీసేయాలి. దాని మీద కర్సర్ పెట్టి ముక్కు చీదుకున్నాను. పక్క సీటు ప్రూఫ్ రీడరు మళ్ళీ నీళ్ళిచ్చింది.

తీయలేదు. బల్బు పేజీ తెరిచి, జె నొక్కి, రెండో తొమ్మిదిని ఎంచుకున్నాను. అచ్చులో అక్కడ కూడా "జాగ్రత్త 9 చూడండి" అనే పడుతుంది. చదివేవాళ్ళకి తేడా తెలియదు, నియమానికి మాత్రం అన్నయ్య తాళం కూడా ఇప్పుడు వాడుకలో ఉన్నట్టే.

అన్నయ్యకి నువ్వు చెప్పకు. ఎప్పుడో ఏ బొమ్మకో జాబితా తెరుస్తాడు, తనే చూసుకుంటాడు.

కామా